బరువు ఒకరిది, వంట ఇంటిది

(చెన్నై మైలాపూరులో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక పోషకాహార సలహాదారు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తల్లులకు, పిల్లలకు నమస్కారం.

బరువు తగ్గాలంటే ఏం తినాలో చెప్పమని నిర్వాహకులు నన్ను పిలిచారు. చెబుతాను. దానికన్నా ముందు మాట్లాడవలసిన సంగతి ఒకటి ఉంది. నేను ఈ ఊళ్ళో చక్కెర జబ్బుకు వైద్యం చేసే చోట ఆహార సలహాలు ఇస్తుంటాను. నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు నుంచి తెల్లవారుజామున రైలు దిగి వచ్చేవాళ్ళూ, తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళూ నా దగ్గరికి వస్తారు. వాళ్ళలో ఎవరికీ ఏం తినకూడదో తెలియక కాదు. తీపి తగ్గించాలి, నూనె తగ్గించాలి, నడవాలి. ఈ మాట అయిదో తరగతి పిల్లవాడిని అడిగినా చెబుతాడు. తెలిసి కూడా ఎందుకు చేయలేకపోతున్నారని అడిగితే, "నాకు నోరు కట్టుకోవడం చేతకాదమ్మా" అంటారు. పక్కన కూర్చున్న భర్తో కూతురో "అవునండీ, తనకు పట్టుదల లేదు" అని సాక్ష్యం చెబుతారు.

ఈ మాట తప్పని నా నమ్మకం. మన ఇళ్ళలో బరువు పెరగడం ఒక మనిషి చేసిన నేరంగా లెక్కకు వస్తుంది. కుక్కరులో ఏం పడుతుందో, బాణలిలో ఎంత నూనె పోస్తారో మాత్రం ఇల్లంతా కలిసి నిర్ణయిస్తుంది. ఇంటి వంట అలాగే ఉంచి అందులో ఒక్క మనిషిని వేరుగా కూర్చోబెట్టి "నువ్వు మారు" అంటున్నాం. మన డైటింగులు ఎక్కువ భాగం నెల తిరగకుండా ఆగిపోయేది ఇందువల్లే.

మన పలకరింపులు ఒకసారి గుర్తు చేసుకోండి. పెళ్ళి మండపంలో కనబడగానే "ఏమ్మా, బాగా ఒళ్ళు చేశావు" అంటాం. ఆరు నెలల తర్వాత అదే అమ్మాయి కనబడితే "ఇలా చిక్కిపోయావేమిటి, ఇంట్లో అన్నం పెట్టడం లేదా" అంటాం. రెండు మాటలూ నలుగురి ముందే అంటాం. అందులో ప్రేమ లేదని నేను అనను. తిండి చాలని రోజులు చూసిన తరం నుంచి వచ్చిన పలకరింపు అది. రాయలసీమలోనూ, తెలంగాణలోనూ, ప్రకాశం మెట్ట ఊళ్ళలోనూ ఎన్నో ఇళ్ళలో వరి అన్నం పండగ వంట. మిగతా రోజుల్లో జొన్న సంకటి, రాగి సంకటి, సజ్జ రొట్టె, కొర్రన్నం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక పేద ఇళ్ళలో తెల్లన్నం రోజూ వండుకునే వీలు కలిగింది. ఇక్కడ తమిళనాడులో 2011 నుంచి రేషను బియ్యం ఉచితంగానే ఇస్తున్నారు. అది చిన్న మేలు కాదు. ఆకలి తీర్చిన బియ్యాన్ని ఈరోజు విలన్‌గా నిలబెట్టి తిట్టడం నాకు ఇష్టం లేదు. కొడుకు రెండోసారి అన్నం వద్దంటే తల్లి ముఖం ఎందుకు చిన్నబోతుందో ఆ చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది. ఆమెకు వడ్డించడమే ప్రేమ చూపించే పద్ధతి. మరో పద్ధతి ఎవరూ ఆమెకు నేర్పలేదు, అడగనూ లేదు.

అయితే సంకటి తిన్న ఆ మనిషి పొద్దున లేస్తే పొలంలో ఉండేవాడు. మనం కుర్చీలో ఉంటున్నాం. పాత మహాబలిపురం రోడ్డు వెంట ఉన్న కంపెనీలలో పనిచేసే మన పిల్లలు పొద్దున బస్సులో కూర్చుంటారు, పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుంటారు, రాత్రి పది గంటలకు ఫోనులో బిరియానీ తెప్పించుకుని మళ్ళీ కూర్చుంటారు. కండకు పని లేదు, కడుపుకు విశ్రాంతి లేదు.

దీని ఫలితం ఎలా ఉందో లెక్కలు చెబుతున్నాయి. మన చెన్నైలోనే ఉన్న మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి కలిసి దేశమంతటా చేసిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది ఆ గడప దగ్గర నిలబడి ఉన్నారు. అదే సర్వేలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అంకెలు వేరు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కన ఊబకాయం ఉన్నవాళ్ళు 28.6 శాతం. పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవాళ్ళు 39.5 శాతం. అంటే త్రాసు మీద నిలబడితే "నీకేం పరవాలేదు" అనిపించుకుని, పొట్టలో మాత్రం ప్రమాదాన్ని మోస్తున్నవాళ్ళు కోట్లలో ఉన్నారు. సన్నటి చేతులు, సన్నటి కాళ్ళు, చొక్కా గుండీల దగ్గర బిగిసిన పొట్ట. ఈ హాలులో కూడా ఈ మాటకు తలలు ఊపుతున్నవారు కనబడుతున్నారు.

పుణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫోటో అచ్చు వేయించారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్స్, అంటే ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే అంకె, ఒకటే, 22.3. చూడడానికి ఇద్దరూ సన్నటివారే. పరీక్షిస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడి ఒంట్లో కొవ్వు ఎలా దాక్కుంటుందో ఆ ఒక్క పోలిక చెప్పేసింది. అందుకే ప్రపంచం 25 దాటితే అధిక బరువు అంటుంటే మన వైద్యులు 23 దగ్గరే జాగ్రత్త పడమంటారు. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదంటారు.

ఆ బాడీ మాస్ ఇండెక్స్ సూత్రాన్ని తయారు చేసింది వైద్యుడు కాదని కూడా తెలుసుకోండి. 1830లలో బెల్జియంలో అడాల్ఫ్ కెట్లే అనే గణిత శాస్త్రజ్ఞుడు జనాభాలో సగటు మనిషి కొలతలు ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి వేసిన లెక్క అది. ఒక మనిషి ఆరోగ్యం మీద తీర్పు చెప్పడానికి వేసింది కాదు. ఇప్పుడు ఫోనులో ఆ అంకె చూసుకుని ఒకరు గర్వపడుతున్నారు, ఇంకొకరు గది తలుపు వేసుకుని ఏడుస్తున్నారు.

ఏడ్చేది ఎవరో కూడా చెప్పాలి. సంబంధాలు చూస్తున్న అమ్మాయిని తల్లి నా దగ్గరికి తీసుకువస్తుంది. "అబ్బాయి తరపువాళ్ళు పిల్ల కొంచెం బొద్దుగా ఉందన్నారండీ, మూడు నెలల్లో తగ్గించాలి" అంటుంది. చూస్తే ఆ పిల్ల బరువు ఎత్తుకు సరిపోయినట్టే ఉంటుంది. రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిదో తొమ్మిదో. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, నెలసరి సరిగా రాకపోవడం. ఆ పిల్ల అప్పటికే రాత్రి అన్నం మానేసి ఒక ఆపిల్ పండుతో పడుకుంటోంది. ఇలాంటి అమ్మాయిలు నాకు కొత్త కాదు, అరుదు అంతకన్నా కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో సుమారు 40 శాతం మంది స్త్రీలు ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో, అదే రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ పరిస్థితి దాదాపు ఇంతే. బరువు ఎక్కువ, రక్తం తక్కువ. ఒకే ఇంట్లో, చాలాసార్లు ఒకే ఒంట్లో. ఆ ఒంటికి తిండి తగ్గించమని చెప్పడం వైద్యం కాదు. తిండి మార్చాలి. తోటకూర, పప్పు, గుడ్డు, పల్లీలు పెరగాలి, తెల్లన్నం తగ్గాలి. అమ్మలూ, మీకు చేతులెత్తి దండం పెడతాను. పెళ్ళిచూపుల కోసం పిల్లను పస్తు పెట్టకండి. పిల్ల బొద్దుగా ఉందన్న వాళ్ళకు జవాబు చెప్పవలసింది మీరు. ఆ జవాబు పిల్ల కడుపు చేత చెప్పించకండి.

ఇక పట్టుదల సంగతి. 1944, 45 సంవత్సరాలలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆకలితో అల్లాడిన జనానికి మళ్ళీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. సుమారు ఆరు నెలల పాటు వాళ్ళకు మామూలుగా తినే దానిలో సగం మాత్రమే పెట్టారు. బరువు నాలుగో వంతు పోయింది. దానితోపాటు వాళ్ళ స్వభావమే మారిపోయింది. చిరాకు, దిగులు, ఎప్పుడూ చలి. రోజంతా తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగు చేసుకుని చదవడం మొదలుపెట్టారు. ఆ ప్రయోగం ముగిశాక ఎంత తిన్నా తృప్తి కలగక ఇబ్బంది పడినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు పట్టుదల లేనివాళ్ళు కాదు. యుద్ధంలో ఆయుధం పట్టడానికి నిరాకరించి, ఆ నిర్ణయం మీద నిలబడిన గట్టి మనుషులు.

ఒంటికి ఆకలి వేస్తే ఒళ్ళు తనను తాను కాపాడుకుంటుంది. కొవ్వు కరిగితే ఆకలిని అణిచే లెప్టిన్ అనే హార్మోను తగ్గుతుంది, గ్రెలిన్ అనే ఆకలి హార్మోను పెరుగుతుంది. మెల్‌బోర్న్‌లో జరిగి 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో, పది వారాల కఠినమైన డైటింగు చేసినవాళ్ళను ఏడాది తర్వాత మళ్ళీ పరీక్షించారు. అప్పటికి కొంత బరువు తిరిగి వచ్చింది. అయినా ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదు. ఏడాది గడిచినా ఒళ్ళు ఇంకా "తిండి కావాలి" అంటూనే ఉంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా మూడు నెలల్లో పది కిలోలు తగ్గి, ఆ తర్వాత ఏడాదిలో పన్నెండు కిలోలు పెరిగితే, దయచేసి "నీకు నోటి మీద అదుపు లేదు" అనకండి. ఆ మాట విన్న మనిషి తినడం మానదు. చాటుగా తింటుంది. వంటింట్లో నిలబడి, అందరూ పడుకున్నాక తింటుంది. చాటుగా తినే తిండికి లెక్క ఉండదు, రుచీ ఉండదు.

(సభలో నుంచి ఒకరు: "మరి వీరమాచనేని గారి పద్ధతిలో మా మరిది ఇరవై కిలోలు తగ్గారండీ. దాని గురించి ఏమంటారు?")

మంచి ప్రశ్న. ఈ ప్రశ్న వస్తుందని తెలుసు, రావాలని కూడా కోరుకున్నాను. మన తెలుగు ఇళ్ళు గత పాతికేళ్ళలో మూడు పెద్ద కెరటాలు చూశాయి. మొదట మంతెన సత్యనారాయణరాజు గారు టీవీలో ఉప్పు లేకుండా, నూనె లేకుండా వంట, పచ్చి కూరగాయల రసాలు, మొలకలు చెప్పారు. తర్వాత వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం, రొట్టె పూర్తిగా ఆపి, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోమన్నారు. ఆ తర్వాత మైసూరు నుంచి ఖాదర్ వలీ గారు బియ్యం, గోధుమలు వదిలి కొర్రలు, అండు కొర్రలు, ఊదలు, సామలు, అరికెలు తినమన్నారు. ఆయనకు 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఒకే ఇంట్లో నూనె సీసా ఒకసారి అటకెక్కింది, ఒకసారి కొబ్బరినూనె డబ్బాలై దిగింది, ఆ తర్వాత సిరిధాన్యాల సంచులు వరుసగా చేరాయి.

ఒకరు నూనె వద్దన్నారు, ఒకరు నూనే మందన్నారు, ఒకరు ధాన్యం మార్చమన్నారు. మూడు పద్ధతుల్లోనూ బరువు తగ్గినవాళ్ళు ఉన్నారు. ఇది ఎలా సాధ్యమో ఆలోచించారా? ఈ మూడింటిలోనూ ఉమ్మడిగా ఉన్నవి చూడండి. చక్కెర పోయింది. మైదా పోయింది. బేకరీ, బజ్జీల బండి, కూల్‌డ్రింకు పోయాయి. పాలిష్ పట్టిన తెల్లన్నం గుట్ట పోయింది. తినేది ఇంట్లోనే వండుకున్నారు. ఏం తింటున్నామో, ఎంత తింటున్నామో కొన్నాళ్ళపాటు శ్రద్ధగా చూసుకున్నారు. మేలు ఎక్కువ భాగం అక్కడి నుంచి వచ్చిందని నా అభిప్రాయం. కానీ మనవాళ్ళు ఆ ఉమ్మడి భాగాన్ని పట్టుకోలేదు. గురువును పట్టుకున్నారు. "నేను ఫలానా వారి పద్ధతి" అని చెప్పుకుంటూ, పక్కింటి పద్ధతి మీద వాదనకు దిగారు. ఆరు నెలల తర్వాత పద్ధతిని వదిలేశాక దానితోపాటు ఆ శ్రద్ధ కూడా పోయింది.

ఇక్కడ వైద్యానికి సంబంధించిన హెచ్చరిక ఒకటి గట్టిగా చెప్పాలి. చక్కెర తగ్గించే మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకుంటున్నవాళ్ళు హఠాత్తుగా అన్నం ఆపేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చక్కెరను మూత్రంలోకి పంపే కొత్త రకం మాత్రలు వాడేవాళ్ళు పిండిపదార్థం పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. బీపీకి నీరు తీసే మాత్రలు వేసుకునే వృద్ధులు ఉప్పు మొత్తం మానేస్తే సోడియం తగ్గి మాట తడబడుతుంది, పడిపోతారు. కొర్రన్నమైనా సరే, రెండు కంచాలు తింటే అది రెండు కంచాల అన్నమే. పీచు ఎక్కువ ఉంటుంది గానీ శక్తి లెక్కలో బియ్యానికీ దానికీ పెద్ద తేడా లేదు. మీ మరిదిగారు తగ్గడం సంతోషం. ఆయన వేసుకునే మందుల డోసు ఎవరైనా చూసి మార్చారా లేదా అన్నది ఈరోజే అడగండి.

ఇప్పుడు మన ఊరి ప్రయోగం ఒకటి చెబుతాను. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం, మధుమేహం అంచున ఉన్న 500 మందికి పైగా మనుషుల మీద చేసిన అధ్యయనాన్ని 2006లో ప్రచురించింది. కొందరికి మామూలు సలహాతో సరిపెట్టారు. కొందరికి రోజూ అరగంట చురుకైన నడక, చక్కెర, నూనె, పాలిష్ పట్టిన ధాన్యం తగ్గించడం, పీచు పెంచడం నేర్పి, విడవకుండా గుర్తు చేస్తూ వచ్చారు. మూడేళ్ళలో మొదటి గుంపులో 55 శాతం మంది మధుమేహంలోకి జారారు. రెండో గుంపులో 39 శాతం. ఇందులో గమనించవలసింది ఏమిటంటే, ఆ రెండో గుంపువాళ్ళు చెప్పుకోదగ్గ బరువేమీ తగ్గలేదు. త్రాసు వాళ్ళకు శభాష్ అనలేదు. లోపల మాత్రం మేలు జరిగిపోయింది. నెల రోజులు నడిచి "ఒక్క కిలో కూడా తగ్గలేదు, ఇదంతా దండగ" అని బూట్లు మూలన పడేసేవాళ్ళకు నేను ఈ సంగతే చెబుతాను.

నడవడానికి మనకు చోటు లేకపోలేదు. ఇక్కడికి దగ్గరలోనే లజ్ చర్చి రోడ్డులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున ఉద్యానవనం ఉంది. టి. నగర్‌లో పానగల్ పార్కు ఉంది, అది పానగల్లు రాజావారి పేరు. ఇద్దరూ తెలుగువారే. పొద్దున ఆరు గంటలకు అక్కడ వృద్ధులు కనబడతారు. నలభై దాటని వాళ్ళు కూడా కనబడాలని నా ఆశ.

వంట దగ్గరికి వద్దాం. మీలో చాలామంది ఇంట్లో బరువు చూసే యంత్రం కొన్నారు. దాన్ని కొన్నాళ్ళు మంచం కిందికి తోసేసి, నెల సరుకుల చీటీ తీయండి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు రెండు వేల క్యాలరీలు అవసరమైన మనిషికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పాలు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు. ఈ అంకెలు గోడకు అంటిస్తే ఎవరూ చూడరు. నలుగురున్న ఇంటికి నెల లెక్క కట్టి చూడండి. నూనె సుమారు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు అయిపోతున్నాయి? ధాన్యం 30 కిలోలు. అందులో అన్నం బియ్యమే కాదు, ఇడ్లీ బియ్యం, ఉప్మా రవ్వ, గోధుమపిండి, అటుకులు, సేమియా అన్నీ ఉన్నాయి. పాతిక కిలోల బియ్యం బస్తా విడిగా, ఇవన్నీ విడిగా కొంటున్న ఇళ్ళు ఎన్నో.

ఇప్పుడు పప్పులు. నెలకు పది కిలోలు. అవును, సరిగ్గానే విన్నారు. కంది, పెసర, మినుము, శనగ, అలసంద అన్నీ కలిపి పది కిలోలు. మాంసం, చేప, గుడ్డు తినే ఇళ్ళలో కొంత తగ్గించుకోవచ్చు. మూడు కిలోల కందిపప్పు, కిలోన్నర మినప్పప్పుతో నెల గడిపేసే ఇంట్లో పప్పు అన్నది అన్నాన్ని తడిపే పులుసుగా మారిపోయింది. ఆకలి త్వరగా వేస్తోందని, సాయంత్రానికి ఏదో ఒకటి నమలాలనిపిస్తోందని చెప్పేవాళ్ళ కంచంలో లోపం అక్కడ ఉంటుంది. ఆ ఆకలిని నోటి దురద అనుకుంటున్నారు. చాలావరకు అది మాంసకృత్తుల కొరత.

కూరగాయలు నలుగురికి రోజుకు కిలోన్నర పైన. పావుకిలో బెండకాయ వేపుడు నలుగురికీ సర్దే ఇంట్లో కంచం నిండా ఉండేది అన్నమే, మరో దారి లేదు. చెన్నైలో ఆకుకూరలకు కొదవ లేదు. గోంగూర కూడా దొరుకుతుంది, పుళిచ్చకీరై అని అడగాలి, అంతే. పొన్నగంటి కూర, తోటకూర, మునగాకు వీధి చివర బుట్టలో దొరుకుతాయి.

ఇదంతా డబ్బున్నవాళ్ళ మాట కదా అని మీరు అనుకోవచ్చు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. బియ్యం ఉచితం. కందిపప్పు రేషనులో కిలో 30 రూపాయలకు ఇచ్చినా అది కార్డుకు ఒక్క కిలోనే. మన ఇళ్ళలో పనిచేసే ఆమెకు ఓట్సు, బాదం, ఆలివ్ నూనె చెప్పి పంపడం నాకు మనస్కరించదు. ఆమెకు వేసవిలో ఈ ఊరి వీధి బండ్ల మీద అమ్మే రాగి కూళు, అదే మన అంబలి, మజ్జిగతో, చిన్న ఉల్లిపాయతో తాగడం ఎప్పటినుంచో తెలుసు. అది పేదవాళ్ళ తిండి అని మనమే ఆమె చేత మాన్పించి, బిస్కెట్టు, టీ అలవాటు చేశాం. ఇప్పుడు అదే రాగి పొడిని అందమైన డబ్బాలో పెట్టి మూడింతల ధరకు కొంటున్నాం. ఉడికించిన శనగలు, పల్లీలు, గుడ్డు. ఆమెకైనా మనకైనా ఇవి చాలు.

ఇంట్లో ఆడవాళ్ళ కంచం గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. అందరికీ వడ్డించి, చివర కూర్చునేసరికి కూర అడుగంటుతుంది, పప్పు అయిపోతుంది, అన్నం మిగిలి ఉంటుంది. పచ్చడో పెరుగో కలుపుకుని ఆ అన్నమంతా తినేస్తుంది, పారేయడానికి మనసొప్పక. పిల్లవాడు వదిలేసిన ఇడ్లీ కూడా ఆమె కడుపులోకే. సాయంత్రం మోకాళ్ళ నొప్పులు. ఆదివారం కుటుంబమంతా కూర్చుని "అమ్మా, నువ్వు డైటింగు చేయాలి" అని తీర్మానం. ఆ తల్లికి ఓట్సు ప్యాకెట్టు తెచ్చి ఇచ్చే బదులు, మొదటి కంచం ఆమెకు పెట్టండి. కూర సగం, అన్నం పావు, పప్పు పావు. లేదా అందరూ కలిసి కూర్చుని గిన్నెలు మధ్యలో పెట్టుకోండి. చాలా ఇళ్ళలో ఈ ఒక్క మార్పుతో ఆమె చక్కెర అదుపులోకి రావడం నేను చూశాను. మగవారూ, కూరగాయలు తరగడం డైటింగులో భాగమే. ఒక మనిషి కోసం వేరే కూర వండడం ఆ మనిషికే పని పెంచితే అది ఎన్నాళ్ళు సాగుతుంది?

(సభలో నుంచి ఒక యువకుడు: "ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి కదా మేడం, అవి తీసుకుంటే ఇదంతా అవసరమా?")

వచ్చాయి. మౌంజారో 2025 మార్చిలో, వెగోవి అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. వాటిని నేను తప్పు పట్టను. వెగోవిలో ఉండే సెమాగ్లుటైడ్ మందుతో జరిగిన పెద్ద పరీక్షలో 68 వారాలలో సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. ఆపేసిన ఏడాదిలో తగ్గిన దానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఆకలి హార్మోన్ల మీద పనిచేసే మందు ఆపితే ఆకలి తిరిగి వచ్చింది. బరువుకు కారణం బద్ధకం కాదని ఇంతకన్నా రుజువు ఏం కావాలి? బరువు వల్ల గుండె, మోకాళ్ళు, నిద్ర దెబ్బతిన్న మనిషికి వైద్యుడు రాసిస్తే తీసుకోవడంలో సిగ్గుపడవలసింది లేదు. "మందుతో తగ్గావా" అని ఎగతాళి చేసేవాళ్ళను పట్టించుకోకండి. బీపీ మాత్ర వేసుకునే మనిషిని అలా అడగం కదా. అయితే పెళ్ళికి ముందు రెండు నెలలు వేసుకుని ఆపేద్దామనుకునే మందు కాదది. వికారం, వాంతులు ఉంటాయి, కొవ్వుతోపాటు కండ కూడా తగ్గుతుంది. ఆ మందు మీద ఉన్నవాళ్ళు తినేది కొంచెమే కాబట్టి ఆ కొంచెంలో పప్పు, గుడ్డు, చేప, కూరగాయలు ఇంకా ఎక్కువ శ్రద్ధగా ఉండాలి. ఇంటి వంట మారవలసిన అవసరం అప్పుడు పెరుగుతుందే తప్ప పోదు.

బయట వరండాలో కొలత టేపుతో మా అమ్మాయిలు కూర్చున్నారు. తెర కట్టాం. ఎవరి అంకె వాళ్ళకే చెబుతారు, పైకి చదవరు. నడుము అంటే ప్యాంటు కట్టుకునే చోటు కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్య, ఊపిరి వదిలాక కొలవాలి. పొట్ట లోపలికి లాక్కోకండి. 90, 80 దాటినవాళ్ళు పరగడుపున ఒకసారి చక్కెర పరీక్ష చేయించుకోండి. వచ్చే సమావేశానికి వీలైతే మీ నెల సరుకుల చీటీ తీసుకురండి, ఇద్దరం కలిసి చూద్దాం. ఆడవాళ్ళను మాత్రమే పంపకండి, దంపతులిద్దరూ రండి.